జవారీ రొట్టె, లూసిన్ డబ్బా, లంబీ ఉమ్ర్



దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట మీదుగా ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా సాయంత్రం పూట నడిస్తే రెండు రకాల దుకాణాలు కనిపిస్తాయి. ఒకటి ఫుట్‌పాత్ మీద పొయ్యి పెట్టుకుని చేత్తో జొన్న రొట్టె కొట్టే అమ్మల దుకాణం. రెండోది అద్దాల తలుపు వెనక పెద్ద పెద్ద డబ్బాలు పేర్చిన సప్లిమెంట్ల దుకాణం. మొదటి దాని దగ్గర షుగర్ మరీజులు నిలబడతారు. రెండో దాన్లోకి జిమ్ సంచి భుజాన వేసుకున్న నౌజవాన్‌లు పోతారు. రొట్టెలోనూ డబ్బాలోనూ ఒకే చీజ్ ఉంది. దాని పేరు లూసిన్. ప్రొటీన్‌ను ఇటుక గోడ అనుకుంటే, అమైనో ఆసిడ్లు అందులోని ఇటుకలు. లూసిన్ వాటిలో ఒక ఇటుక.

ఆ లూసిన్ మీద దునియాలోనే మషూర్ అయిన ఒక బహస్ మన హైదరాబాద్‌లో మొదలైంది. ఎల్‌బీ నగర్ నుంచి ఉప్పల్ మీదుగానో, దిల్‌సుఖ్‌నగర్ నుంచి అంబర్‌పేట మీదుగానో పోతే తార్నాక వస్తుంది. అక్కడే, జామై ఉస్మానియా పక్కన, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్ ఉంది. దాన్ని మనం ఎన్‌ఐఎన్ అంటాం. ఈ మధ్య అమైనో ఆసిడ్లు తగ్గిస్తే ఉమ్ర్ పెరుగుతుందని కొందరు, డబ్బాలో పోసుకుని తాగితే తాకత్ వస్తుందని ఇంకొందరు మన ఫోన్లలోకి వీడియోలు పంపుతున్నారు. ఇద్దరి మాటా వినే ముందు మన ఊరి తారీఖ్ ఒకసారి తిరగేయడం మంచిది. ఎందుకంటే ఈ సవాల్‌ను మన గరీబుల ఒంటి మీద ఒకసారి ఖుద్రత్ పరీక్షించేసింది.

కూనూర్ నుంచి జామై ఉస్మానియా దాకా

1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే అంగ్రేజ్ ఫౌజీ డాక్టర్ నీలగిరి కొండల్లోని కూనూర్‌లో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక గదిలో, బెరిబెరి రోగం మీద తహ్‌కీక్ మొదలుపెట్టాడు. అంతకు ముందు ఆయన గిల్గిత్‌లో పని చేశాడు. హుంజా లోయలోని మన మజ్హబ్ వాళ్లు సాదా తిండి తిని, సేహత్‌తో ఉంటారని యూరప్‌కు చెప్పిన వాళ్లలో ఆయన ఒకడు. కూనూర్‌లో ఎలుకల గుంపులకు మన ముల్క్‌లోని రకరకాల ఇలాకాల ఖానా పెట్టి, ఏ గుంపు బాగా పెరుగుతుందో చూశాడు. తిండికీ తందురుస్తీకీ మధ్య రిష్తా ఉందని అప్పట్లో సబూత్‌తో చెప్పడం చిన్న సంగతి కాదు.

ఆ ఒక్క గదే పెరిగి న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్ అయింది. 1958లో అది హైదరాబాద్ వచ్చింది. 1969లో దానికి ఇప్పటి పేరు పెట్టారు. వచ్చి దిగిన చోటు ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే. ఆ యూనివర్సిటీ కూడా 1918లో పుట్టిందే, ఉర్దూలో సైన్స్ చెప్పాలన్న ఖ్వాబ్‌తో. ల్యాబ్‌కు తర్వాత డైరెక్టర్ అయిన కొలత్తూర్ గోపాలన్ పుట్టింది కూడా 1918లోనే, సేలంలో.

కూనూర్‌లో ఉన్నన్ని రోజులు ల్యాబ్ చుట్టూ బియ్యం తినే జనం. హైదరాబాద్ వచ్చాక చుట్టూ జొన్న తినే జనం. పాలమూరు, నల్లగొండ, మెదక్, అటు గుల్బర్గా, రాయచూర్ వైపు గరీబ్ ఇళ్లలో పొద్దున జొన్న గట్క, రాత్రి జవారీ రొట్టె, పక్కన మిరపకాయ నూరిన కారం. బియ్యం అంటే ఈద్ నాడో, పండగ నాడో. ఆ ఇళ్ల నుంచి హైదరాబాద్ దవాఖానాలకు వచ్చే మరీజుల్లో ఒక అజీబ్ రోగం కనిపించింది.

మెడ చుట్టూ నల్ల హారం

ఎండ తగిలే చోట, అంటే మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద, చర్మం నల్లబడి, మందమై, పొలుసులుగా ఊడేది. నాలుక ఎర్రగా పుండ్లు పడేది. కొందరికి దస్తులు. చాలామందికి నిద్ర పట్టదు, దిల్ ఉదాస్, ఊరికే ఏడుపు. ముదిరితే మతి తప్పేది. ఇంట్లో వాళ్లు గాలి సోకిందని, ఆసేబ్ అని దర్గాకు తీసుకుపోయేవాళ్లు. దర్గాకు పోవడం తప్పని నేను అనను. కానీ ఆ మనిషికి కావలసింది తావీజ్ ఒక్కటే కాదు, దస్తర్‌ఖాన్ మీద ఇంకో గిన్నె.

ఈ రోగం పేరు పెల్లాగ్రా. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసల్ అనే హకీమ్ దీన్ని మొదట రాశాడు. మెడ చుట్టూ వచ్చే ఆ నల్లని పట్టీని ఇప్పటికీ డాక్టర్లు కసల్ హారం అంటారు. ఇటలీలో, స్పెయిన్‌లో, ఆ తర్వాత అమెరికా దక్షిణాన ఇది మక్కజొన్న తినే గరీబుల రోగం. అమెరికాలో ఇది అంటురోగం అని పెద్ద పెద్ద డాక్టర్లు దావా చేశారు. 1914లో సర్కార్ పంపిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ మాత్రం దవాఖానాల్లో మరీజులకు వస్తోంది గానీ వాళ్లకు సేవ చేసే నర్సులకు రావడం లేదు, ఇది అంటురోగం ఎలా అవుతుంది అని అడిగాడు. జవాబ్ తిండిలో ఉందన్నాడు. నమ్మని వాళ్ల కోసం మరీజుల రక్తం తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు, వాళ్ల చర్మపు పొలుసులు మింగాడు. ఏమీ కాలేదు. 1929లో ఆయన ఇంతెకాల్ అయ్యేనాటికి కూడా తిండిలో ఏది కమీ అయిందో పక్కాగా తెలియదు.

1937లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో కాన్రాడ్ ఎల్వెజెమ్ ఆ చీజ్‌ను పట్టుకున్నాడు. కుక్కల్లో పెల్లాగ్రాకు జోడీ రోగం ఒకటి ఉంది, నాలుక నల్లబడుతుంది. దానికి నయాసిన్ ఇస్తే తగ్గిపోయింది. నయాసిన్ అంటే బీ3 విటమిన్. 1945లో అదే చోట ఇంకో సంగతి తేలింది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆసిడ్ నుంచి మన ఒళ్లే నయాసిన్ తయారు చేసుకుంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు 1 మిల్లీగ్రాము నయాసిన్. మక్కజొన్నలో ట్రిప్టోఫాన్ కమీ, ఉన్న నయాసిన్ కూడా గట్టిగా బంధించి ఉంటుంది, కడుపులో విడిపోదు. మెక్సికో వాళ్లు మక్కలను సున్నపు నీళ్లలో ఉడకబెట్టేవాళ్లు కాబట్టి బచాయించుకున్నారు. ఆ తరీకా నేర్చుకోకుండా గింజ ఒక్కటే తెచ్చుకున్న యూరప్ వాళ్లు ఇరుక్కున్నారు.

జొన్న పెట్టిన చిక్కు

మక్కజొన్నకు జవాబ్ దొరికింది. జొన్నకు దొరకలేదు. జొన్నలో ట్రిప్టోఫాన్ మక్కజొన్న అంత తక్కువ కాదు. నయాసిన్ కూడా అంత మొండిగా బంధించి లేదు. హిసాబ్ ప్రకారం జొన్న తినే వాడికి పెల్లాగ్రా రాకూడదు. కానీ హైదరాబాద్‌లో మంచాల మీద మరీజులు కళ్ల ముందే ఉన్నారు.

గోపాలన్, ఆయన సాథీ ఎస్.జి. శ్రీకాంతియా ఇద్దరూ జొన్నలో ఏది కమీ ఉందని వెతకడం మానేసి, ఏది జ్యాదా ఉందని చూశారు. లూసిన్ జ్యాదా ఉంది. 100 గ్రాముల బియ్యపు ప్రొటీన్‌లో లూసిన్ సుమారు 8 గ్రాములు. అదే జొన్న ప్రొటీన్‌లో 12 గ్రాములు దాటుతుంది. దినానికి అరకిలో జొన్న తినే మజ్దూర్ ఒంట్లోకి 6 గ్రాముల పైన లూసిన్ పోతుంది. ఈ జ్యాదా లూసిన్ వచ్చి, ట్రిప్టోఫాన్ నయాసిన్‌గా మారే రాస్తాలో అడ్డం పడుతోందా? 1960లో లండన్ నుంచి వచ్చే లాన్సెట్ పత్రికలో ఆ ఇద్దరూ ఈ మాట రాశారు. వ్యాసం పేరులోనే లూసిన్, పెల్లాగ్రా రెండూ ఉన్నాయి.

ఇది మామూలు మాట కాదు. అప్పటిదాకా తిండి వల్ల వచ్చే రోగం అంటే కమీ వల్ల వచ్చేదే. ఒక పోషకం ఎక్కువైతే ఇంకో పోషకాన్ని మింగేస్తుందని, ప్రొటీన్‌లో కావలసింది మిక్దార్ ఒక్కటే కాదు తవాజున్ కూడా అని, ఒక గరీబ్ ముల్క్ ల్యాబ్ దునియాకు చెప్పింది. తవాజున్ అంటే తూకం, సమతూకం.

ఆ తర్వాత పదిహేనేళ్లు తార్నాకలో దీని మీదే పని నడిచింది. మనుషులకు లూసిన్ ఇచ్చి, ట్రిప్టోఫాన్ ఒంట్లో ఏ దారిన పోతోందో మూత్ర పరీక్షలతో చూశారు. కుక్కలకు లూసిన్ జ్యాదా పెడితే నాలుక నల్లబడే రోగం వచ్చిందని 1969లో మళ్లీ లాన్సెట్‌లో రాశారు. 1971లో కమలా కృష్ణస్వామి, గోపాలన్ కలిసి ఐసోలూసిన్ ఇస్తే పెల్లాగ్రా మరీజుల చర్మంలో, దిమాగ్ తరంగాల్లో మెరుగుదల కనిపించిందన్నారు. ఐసోలూసిన్ అంటే లూసిన్‌కు తోబుట్టువు లాంటి ఇంకో అమైనో ఆసిడ్. వాలిన్ అనే ఇంకోదానితో కలిపి ఈ మూడింటినే ఈనాటి డబ్బాల మీద బీసీఏఏ అని రాస్తున్నారు.

ఈ తారీఖ్‌లో మన ఆడబిడ్డలు యాద్ పెట్టుకోవలసిన పేరు ఒకటుంది. డాక్టర్ గఫూరున్నిసా. 1973లో బి.ఎస్. నరసింగరావుతో కలిసి ఆమె ఒక పరిశోధన అచ్చు వేశారు. ఎలుకల కాలేయంలో, గుర్దాల్లో ట్రిప్టోఫాన్‌ను నయాసిన్‌గా మార్చే ఎంజైమ్‌ల మీద లూసిన్ ఏం చేస్తుందన్నది అందులోని సవాల్. లూసిన్ జ్యాదా అయితే ఆ ఎంజైమ్‌ల పనితీరు మారుతుందని చూపించారు. తర్వాత ఆమె నూనెలు, కొవ్వుల మీద పని చేశారు. వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వులు గుండెకు చేసే నుక్సాన్ గురించి మన ముల్క్‌లో మాట్లాడిన వాళ్లలో ఆమె పేరు ముందు వరుసలో ఉంటుంది. మన ఇళ్లలో లడ్కీ సైన్స్ చదువుతానంటే నర్సింగ్ చాలు, బీఎడ్ చాలు అని రోకే అబ్బాజాన్‌లకు ఈ పేరు చెప్పండి.

జిరహ్

తహ్‌కీక్‌లో ఒక దావా నిలబడాలంటే దుష్మన్‌లా వచ్చే సవాల్‌లకు కూడా జవాబ్ ఇవ్వాలి. హైదరాబాద్ మాటను బయటి ల్యాబ్‌లు తమ దగ్గర చేసి చూశాయి. అమెరికాలో కెన్నెత్ కార్పెంటర్ వాళ్లకు లూసిన్ పెట్టినా అదే అసర్ కనిపించలేదు. లండన్‌లో డేవిడ్ బెండర్ వాళ్లు ఎలుకల మీద చేసి మధ్యస్థంగా ఒక మాట చెప్పారు. తిండిలో నయాసిన్ గానీ ట్రిప్టోఫాన్ గానీ సరిపడా ఉంటే లూసిన్ ఏమీ చేయలేదు. రెండూ అంచు మీద ఉన్నప్పుడు, ఇంకొంచెం తగ్గితే పడిపోయే హాలత్‌లో ఉన్నప్పుడు, లూసిన్ తోసేస్తుంది.

హైదరాబాద్‌లో కూడా మాట మారుతూ వచ్చింది. బీ6 విటమిన్ సరిపడా ఉంటే లూసిన్ నుక్సాన్ తగ్గుతుందని కమలా కృష్ణస్వామి వాళ్లే 1970ల్లో చూపించారు. అంటే లూసిన్ ఒక్కటే ముజ్రిమ్ కాదు. ఖాళీ గిన్నె కూడా జుర్మ్‌లో షరీక్. అదే జొన్న తిన్న మోతుబరి ఇంట్లో పప్పు ఉంది, పాలు ఉన్నాయి, వారానికోసారి గోష్త్ ఉంది. పాలలో ట్రిప్టోఫాన్, గోష్త్‌లో, పల్లీల్లో నయాసిన్. మజ్దూర్ ఇంట్లో రొట్టె, కారం. గింజ ఒకటే, నసీబ్‌లు వేరు. అందుకే ఈ కిస్సాలో జొన్నను ముద్దాయిని చేయొద్దని నా గుజారిష్. ముద్దాయి జొన్న కాదు, సిర్ఫ్ జొన్న.

ఆ తర్వాత పెల్లాగ్రా మన ఇలాకా నుంచి మెల్లగా తగ్గిపోయింది. ఏ అమైనో ఆసిడ్ గోలీతోనూ కాదు. గిన్నె మారింది. జొన్న చేలు తగ్గాయి, వరి పెరిగింది. 1983లో ఎన్.టి. రామారావు సర్కార్ 2 రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. కూలీ ఇంట్లో కూడా రోజూ అన్నం ఉడికింది. ఇప్పుడు డాక్టర్లకు పెల్లాగ్రా కనిపిస్తే ఎక్కువగా షరాబ్ తాగి తిండి మానేసిన వాళ్లలోనో, టీబీకి వాడే ఐసోనియాజిడ్ మందు మీద ఉండి సరిగా తినని వాళ్లలోనో కనిపిస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా టీబీ మందు మీద ఉండి మెడ, చేతులు నల్లబడుతుంటే ఎండ అనుకుని ఊరుకోవద్దు, డాక్టర్‌కు చూపించండి.

ఎలుకల లంబీ ఉమ్ర్

ఇక రెండో కిస్సా. 1935లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో క్లైవ్ మెకే ఎలుకలకు విటమిన్లు తగ్గించకుండా మొత్తం తిండి తగ్గించాడు. అవి చిన్నగా ఉండిపోయాయి గానీ ఎక్కువ కాలం బతికాయి. మరి తగ్గించవలసింది మొత్తం తిండినా, అందులో ఏదో ఒక ఇటుకనా అని తర్వాతి వాళ్లు వెతికారు.

1976లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పాల్ సెగల్, పాలా టిమిరాస్ ఎలుకలకు ట్రిప్టోఫాన్ తగ్గించారు. వాటి పెరుగుదల ఆగింది, ముసలితనం ఆలస్యంగా వచ్చింది. జరా గౌర్ చేయండి. ఏ ట్రిప్టోఫాన్ రాస్తా మూసుకుపోయి పాలమూరు మజ్దూర్ మతి తప్పిందో, అదే ట్రిప్టోఫాన్ తగ్గించి బర్క్‌లీలో జవానీ వెతికారు. 1993లో న్యూయార్క్‌లో నార్మన్ ఓరెంట్రైక్ వాళ్లు మెథియోనిన్ అనే అమైనో ఆసిడ్‌ను తిండిలో 0.86 శాతం నుంచి 0.17 శాతానికి దించారు. ఎలుకల ఉమ్ర్ సుమారు 30 శాతం పెరిగింది. అవి కూడా చిన్నగానే మిగిలాయి.

ఎందుకు ఇలా? మన కణాల్లో టార్ అనే ఒక ముకద్దమ్ ఉన్నాడు. అమైనో ఆసిడ్లు, అందులోనూ లూసిన్, వస్తే ముకద్దమ్ 'సరుకు వచ్చింది, గోడ కట్టండి' అని హుకుం ఇస్తాడు. కండ పెరుగుతుంది. సరుకు తగ్గితే కొత్త కట్టడం ఆపి, పాత శిథిలాలు శుభ్రం చేయిస్తాడు. జిమ్ పిల్లలు కోరేది మొదటి హుకుం. లంబీ ఉమ్ర్ వెతికే వాళ్లు కోరేది రెండోది. ఒకే ముకద్దమ్ దగ్గర రెండు దరఖాస్తులు.

విస్కాన్సిన్ యూనివర్సిటీ యాద్ ఉంది కదా, 1937లో నయాసిన్ గుట్టు విప్పిన చోటు? అక్కడే 2021లో డడ్లీ లామింగ్ వాళ్లు లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ మూడింటినీ జీవితమంతా తగ్గించి చూశారు. మగ చిట్టెలుకల ఉమ్ర్ 30 శాతం పైన పెరిగింది. ఆడవాటికి ఆ ఫాయిదా రాలేదు. 2023లో ఒక్క ఐసోలూసిన్ తగ్గిస్తే మగవాటికి 33 శాతం, ఆడవాటికి 7 శాతం. 1971లో హైదరాబాద్‌లో మందుగా ఇచ్చిన ఐసోలూసిన్, 2023లో విస్కాన్సిన్‌లో తగ్గించవలసిన చీజ్ అయింది. ఇద్దరిలో ఎవరూ ఝూట్ చెప్పలేదు. ఒకరు సగం కడుపుతో బతికిన మనిషిని చూశారు, ఇంకొకరు దానా ఖోరాక్ నిండుగా ఉన్న పంజరంలోని ఎలుకను చూశారు.

షుగర్‌తో కూడా దీనికి తాల్లూక్ ఉంది. లావుగా ఉన్న వాళ్ల రక్తంలో ఈ మూడు అమైనో ఆసిడ్లు ఎక్కువ ఉంటాయని 1969లోనే ఫిలిప్ ఫెలిగ్ వాళ్లు చూశారు. 2011లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ ఊరి జనం మీద చేసిన తహ్‌కీక్‌లో, ఈ మూడింటితో పాటు ఇంకో రెండు అమైనో ఆసిడ్లు రక్తంలో ఎక్కువున్న వాళ్లకు 12 ఏళ్ల లోపల షుగర్ వచ్చే ఖత్రా ఎక్కువని తేలింది. దీన్ని విని 'అయితే ప్రొటీన్ తింటే షుగర్ వస్తుందట' అనకండి. ఇన్సులిన్ పని చేయనప్పుడు ఒళ్లు వీటిని సరిగా కాల్చుకోలేదు, అందుకని రక్తంలో పేరుకుంటాయి. సబబ్ ఏది, నతీజా ఏది అన్న బహస్ ఇంకా నడుస్తోంది.

డబ్బాలు, గోలీలు

తగ్గించమనే వాళ్లు ఒకవైపు ఉంటే, కలుపుకోమనే వాళ్లు ఇంకోవైపు. 2019లో అమెరికా ల్యాబ్‌లు చిట్టెలుకల తిండిలో గ్లైసిన్ కలిపితే ఉమ్ర్ 4 నుంచి 6 శాతం పెరిగింది. 2023లో విజయ్ యాదవ్ అనే మన హిందుస్తానీ సైంటిస్ట్ వాళ్ల టీమ్ టారిన్ ఇస్తే చిట్టెలుకల ఉమ్ర్ 10 నుంచి 12 శాతం పెరిగిందని రాసింది. వయసుతో పాటు టారిన్ తగ్గుతుందని కూడా అన్నారు. వెంటనే బజార్‌లో టారిన్ డబ్బాలు దిగాయి. 2025లో అదే సైన్స్ పత్రికలో ఇంకో తహ్‌కీక్ వచ్చి, మనుషుల్లో వయసుతో టారిన్ తగ్గడం పక్కా కాదు, కొందరిలో పెరుగుతోంది కూడా అంది.

ఇంకో మజా చూడండి. ఇప్పుడు లంబీ ఉమ్ర్ పేరుతో మహంగా అమ్మే నికోటినమైడ్ రైబోసైడ్ గోలీలు పెల్లాగ్రా విటమిన్ ఖాందాన్‌వే, బీ3 ఖాందాన్. ఒక కాలంలో మన కూలీకి రూపాయి విలువ చేయని ఆ విటమిన్ అందక మెడ నల్లబడింది. ఇప్పుడు అమీర్ మనిషి దాని బంధువును సీసాల్లో కొంటున్నాడు. ఆ గోలీతో చిట్టెలుకల ఉమ్ర్ పెరుగుతుందన్నది కూడా పక్కా కాదు.

మన దస్తర్‌ఖాన్ హిసాబ్

ఇదంతా మన ఇళ్లకు ఏం చెబుతుంది? నేను డాక్టర్‌ని కాదు, హకీమ్‌ని అసలే కాదు. తారీఖ్ చదివిన వాడిగా నాలుగు మాటలు.

షుగర్ అని రాత్రి పూట ఒక్క జొన్న రొట్టె మీద బతికే అమ్మీలు, ఖాలాలు మన గల్లీల్లో చాలామంది. రొట్టె మంచిదే. కానీ రొట్టె, కారం, చాయ్ అంటే అది పాత మజ్దూర్ గిన్నె, కొత్త పేరుతో. పక్కన దాల్చానో, పప్పో, పెరుగో, గుడ్డో, నాలుగు పల్లీలో ఉండాలి. ఇంటిల్లిపాదికీ గోష్త్ వడ్డించి, చివర్లో సాలన్ తుడుచుకుని తినే ఆదత్ మన ఆడవాళ్లది. ఆ ఆదత్ మీద ఎలుకల మీద జరిగినన్ని తహ్‌కీక్‌లు జరగలేదు.

బుజుర్గుల సంగతి ఇంకా నాజుక్. 2014లో అమెరికాలో 50 ఏళ్లు దాటిన 6,381 మంది లెక్కలు చూస్తే, 50 నుంచి 65 ఏళ్ల వాళ్లలో ప్రొటీన్ ఎక్కువ తిన్న వాళ్లకు మౌత్ ఖత్రా ఎక్కువ కనిపించింది. 65 దాటిన వాళ్లలో ఉల్టా, ఎక్కువ తిన్న వాళ్లకే ఖత్రా తక్కువ. ముసలితనంలో కండ కరిగితే మనిషి గుసల్ఖానాలో జారి పడతాడు, తుంటి విరుగుతుంది, మంచం పడతాడు. వీడియో చూసి నానాజాన్ గిన్నెలోంచి గుడ్డు తీసేసే వాళ్లు ఈ మాట వినాలి. గుర్దాల రోగం ఉంటే మాత్రం హిసాబ్ వేరు, అక్కడ డాక్టర్ మాటే మాట.

నౌజవాన్‌లకు ఎన్‌ఐఎన్ లెక్క ఇది. సేహత్‌మంద్ మనిషికి కిలో బరువుకు దినానికి 0.83 గ్రాముల ప్రొటీన్. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. 2024 మేలో అదే సంస్థ ఇచ్చిన ఆహార హిదాయత్‌లలో కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దని సాఫ్‌గా రాసింది. 7 గ్రాముల బీసీఏఏ స్కూపులో రెండుకు ఒకటి, ఒకటి వంతున కలిపితే లూసిన్ 3.5 గ్రాములు. రెండు స్కూపులు వేస్తే పాత మజ్దూర్ అరకిలో జొన్నలో తిన్న లూసిన్ దాటిపోయింది. అంతమాత్రాన బేటాకు పెల్లాగ్రా రాదు, ఎందుకంటే వాడు చికెన్ తింటున్నాడు, పాలు తాగుతున్నాడు. సవాల్ అది కాదు. అవన్నీ తింటున్నప్పుడు ఆ డబ్బా దేనికి? ఆ పైసలతో ఇంట్లో అందరికీ నెల రోజులు గుడ్లు వస్తాయి కదా?

రోజాకూ దీనికీ ముడి పెట్టేవాళ్లకు ఒక మాట. రోజా ఇబాదత్. దానికి ఎలుకల సర్టిఫికెట్ అక్కర్లేదు. పైగా మన ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద హలీమ్, దహీ బడే, మిర్చీలు చూస్తే మెకే ఎలుకలు కూడా మన పంజరంలోకి మారతామంటాయి.

మన యునానీ హకీమ్‌లు ఎప్పుడో గిజా వేరు, దవా వేరు, మధ్యలో రెండూ కలిసినవి ఉన్నాయన్నారు. ఏది గిజా, ఏది దవా అన్నది చీజ్‌ను బట్టి మాత్రమే తేలదు, మనిషి మిజాజ్‌ను బట్టి, మిక్దార్‌ను బట్టి తేలుతుందన్నారు. తార్నాక ల్యాబ్ లూసిన్ గురించి తేల్చింది కూడా చివరికి ఆ కోవలోనిదే. ఆకలి మనిషికి ఒక హుకుం, నిండిన కడుపుకు ఇంకో హుకుం. ఇద్దరికీ ఒకే డబ్బా అమ్మేవాడు తాజిర్, తబీబ్ కాదు.

గోపాలన్ సాహెబ్ 2019 అక్టోబర్ 3న చెన్నైలో వఫాత్ అయ్యారు. నూరేళ్లు దాటి, నూట ఒకటోది నిండడానికి ఇంకా రెండు నెలలు కూడా లేవు. ఆయన ఉమ్రంతా లంబీ ఉమ్ర్ గురించి కాకుండా, బచ్‌పన్‌లోనే ఆకలితో పోయే పిల్లల గురించి రాశారు. ఆయన లెక్క ఇంకా తెగలేదు. ఎల్‌బీ నగర్ చౌరస్తా అడ్డా మీద పొద్దున్నే పని కోసం నిలబడే పాలమూరు, నల్లగొండ కూలీల టిఫిన్ డబ్బాలో ఈరోజు జొన్న బదులు తెల్ల అన్నం ఉంది. పక్కన పప్పు ఉందో లేదో అడగవలసిన పని ఇంకా మన మీదే ఉంది.